చందమామల కట్ట

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి, పాత చందమామలు పురికొసతో కట్టి పెట్టాడొకాయన. అరవై దాకా ఉన్నాయి. "విడిగా ఇవ్వను సార్, మొత్తం ఆరు వేలు."

కట్ట విప్పమన్నాను. గుత్తగా కొనేటప్పుడు ముందు చూడాల్సింది మంచివి కాదు, పాడైనవి. వడ్డాది పాపయ్య ముఖచిత్రం చెక్కుచెదరకుండా ఉన్నవి ఇరవై రెండు. పదింటికి అట్టలే లేవు. ఒకదానిలో పిన్ను తుప్పుపట్టి నడిమి కాగితమంతా గోధుమరంగు మరక పాకింది. అందులోనే ఎవరో పిల్లాడు విక్రమార్కుడి భుజం మీది బేతాళుడికి పెన్సిల్‌తో మీసాలు దిద్దాడు. ధర తగ్గించే లోపమే అది, నాకు మాత్రం ఆ పేజీ మీదే మనసు పడింది.

1947 జూలైలో మొదలైన పత్రిక కదా అని ప్రతి సంచికా అపురూపం కాదు. ఎనభైల నాటివి ఇంకా కనిపిస్తుంటాయి, యాభైల నాటివి దొరకడం కష్టం. ఈ కట్టలో అవి నాలుగే. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆ మాట ఎత్తకుండా మూడు వేలకు తెచ్చుకోవచ్చు, మనసొప్పలేదు. ఆ నాలుగూ పక్కకు తీసి, "అసలు విలువ వీటిదే, మిగతావి సగానికివ్వండి" అన్నాను.

ఆయన వాటిని కాసేపు తిరగేశాడు. ఐదు వేలకు కుదిరింది. పురికొస మళ్లీ ఆయనే కట్టిచ్చాడు.