పూలపాత్ర యడుగున నున్న వ్రాత

మన యిండ్లలోని యిత్తడి సామానునకు వేఱుగా చరిత్ర వ్రాయ నక్కఱలేదు. అంచున చెక్కించిన పేరును చూచి, యిది అమ్మమ్మగారి సారెలో వచ్చిన బిందె, యిది పెత్తల్లి గృహప్రవేశమునాటి చెంబు అని చెప్పగలము. మా దేవతార్చన గదిలోని యొక పాత్ర మాత్రము చిరకాలము ఎవరికిని అంతుపట్టకుండెను.

అది సుమారు 12 అంగుళముల పొడవుగల యిత్తడి గొట్టము. అడుగున చిన్న యంచు కలదు. మా యత్తగారు ప్రతిదినము దానియందు చేమంతులు, మరువము ఉంచెడివారు. మామగారి తాతగారు 1914–18 యుద్ధమున మద్రాసు సాపర్ల దళముతో మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, పోయి అక్కడ వంతెనలు, బాటలు వేసి, తిరిగి వచ్చునపుడు దీనిని తెచ్చిరని వినికిడి. నీళ్ల పాత్ర యని కొందఱును, దీపపు స్తంభమని కొందఱును అనుచుండిరి.

ఒకనాడు నేను దానిని బోర్లించి, చింతపండుతో తోమిన అక్షరము లరిగిపోవునని మెత్తని తడిగుడ్డతో మాత్రమే తుడిచి, భూతద్దముతో పరిశీలించితిని. కాకిపాదమువంటి బాణపు గుర్తు కనబడెను. అది బ్రిటిషు ప్రభుత్వపు సొత్తునకు ముద్ర. ప్రక్కన "18 పి.ఆర్." అనియు, "సి.ఎఫ్." అనియు, 1916 అనియు కలవు. మొదటిది 18 పౌనుల ఫిరంగి పేరు. రెండవది కార్డైటు అను పొగలేని మందు పూర్తిగా కూరిన దనుటకు సంకేతము. మా పూలపాత్ర ఫిరంగి తూటా యొక్క తొడుగు! దాని మూతికి బిగించిన గుండు 8 కిలోలకు పైబడిన బరువుండెడిది. ష్రాప్నెల్ అను రకపు గుండైనచో, ఒక్కదానిలోనే 370కి పైగా సీసపు గుళ్లు మనుష్యులపై రాలుటకై నింపబడెడివి.

మీ యింట నిట్టిది యున్నచో నొక మాట. పైన మొనదేలిన గుండు మిగిలియున్నచో దానిని తాకవలదు. గొట్టము బోలుగా నున్నను, అడుగు నడుమనున్న బిళ్లపై దెబ్బతగిలిన గుంట లేనిచో అపాయము తొలగలేదని యెఱుగుడు. తోమక, వేడి తగులనీయక, పోలీసువారికి తెలుపుడు. మా దాని బిళ్లపై గుంట స్పష్టముగా నున్నది.

ఆ సంవత్సరమును గూర్చి చదువగా మఱియొక సంగతి తెలిసినది. నాడు ఇంగ్లండులో గుండ్లకు మందు కూరినవారిలో అనేకులు స్త్రీలే. టి.ఎన్.టి. అను మందు తగిలి వారి చర్మము పసుపు వన్నెకు తిరిగెడిది. మనకు సౌభాగ్యమైన వన్నె వారికి విషమయ్యెను. 1916 డిసెంబరు 5వ తేదీ రాత్రి లీడ్సు నగరము చేరువనున్న బార్న్‌బో కర్మాగారమున ప్రేలుడు సంభవించి 35 మంది స్త్రీలు మరణించిరి.

ఇదంతయు విని అత్తగారు చాలసేపు మాటాడలేదు. "అత్తయ్యగారూ, దీనిని పాత సామానువానికి ఇచ్చివేయుదమా?" అని యడిగితిని.

"వద్దమ్మా! ఎవరి ప్రాణము తీసెనో తెలియనిదానిని దేవుని యెదుట నుంచలేను. మా మామగారి తండ్రిగారు అంతదూరమునుండి మోసికొని వచ్చినదానిని పారవేయనులేను" అని యామె పలికిరి.

పాత్ర యిపుడు నడవలో, తాతగారి పటము క్రింద నున్నది. అది యేమియో, ఏ యేటిదో, ఎట్టి పనికై చేయబడినదో ఒక కాగితముపై వ్రాసి నేను దానిలోపల వేసితిని. రేపు మనుమరాండ్రు దానిని ఊరక పూలకుండ యనుకొనరాదు. చేమంతులు మాత్రము అత్తగారు ఇప్పటికిని ప్రతిదినము ఉంచుచునే యున్నారు. అవి యెవరి కొఱకని నేను అడుగలేదు.