ఇంజిన్ ఆయిల్‌కే మొదటి వాటా

మా కారు ఖర్చుల కోసం నెలనెలా ఆర్డీ కడతాను. అందులో మొదటి వాటా ఇంజిన్ ఆయిల్‌ది. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ లాంటివన్నీ ఆ తర్వాతే. మాది వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) ఉన్న పెట్రోలు ఇంజిన్ కావడమే దీనికి కారణం.

మామూలు ఇంజిన్లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ముందే ఖాయమై ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సరిపోయే ఆ సమయం హైవే మీద వేగంగా పోయేటప్పుడు సరిపోదు. వీవీటీ దాన్ని ఎప్పటికప్పుడు మారుస్తుంది. 1980లో ఆల్ఫా రోమియో స్పైడర్‌లో వచ్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు మన చిన్న కార్లలోనూ ఉంది. క్యామ్ షాఫ్ట్ చివర ఉండే ఫేజర్‌లో రెక్కలు, వాటికి అటూ ఇటూ గదులు ఉంటాయి. ఒక గదిలోకి ఆయిల్ ఒత్తిడితో వస్తే క్యామ్ కొన్ని డిగ్రీలు ముందుకు, రెండో గదిలోకి వస్తే వెనక్కి జరుగుతుంది. ఏ గదికి పంపాలో కంప్యూటర్ చెబితే ఆయిల్ కంట్రోల్ వాల్వు పంపుతుంది. అంటే ఇక్కడ ఆయిల్ కందెనగా ఉండటమే కాదు, క్యామ్‌ను కదిపేదీ అదే.

ఆయిల్ మడ్డి కడితే ఆయిల్ కంట్రోల్ వాల్వుకుండే సన్నని జాలీ పూడుకుపోతుంది, ఆ వాల్వు ఇరుక్కుంటుంది. ఆయిల్ తగ్గినా, కంపెనీ చెప్పిన గ్రేడు పోయకపోయినా ఒత్తిడి సరిగా అందదు. ఫేజర్‌ను పట్టి ఉంచే పిన్ను అరిగితే పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొత్తలోనే మా కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కాన్ చేస్తే పీ0011 కోడ్ వచ్చింది. ఒక సర్వీస్ సెంటర్‌వాళ్లు ఫేజర్, టైమింగ్ చైను కిట్టు రెండూ మార్చాలని అంచనా రాసిచ్చారు. నేను ఒప్పుకోలేదు. క్యామ్ ఉండాల్సినదానికంటే ముందుకు జరిగిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది, ఏ భాగం చెడిందో చెప్పదు. పైగా చాలా ఇంజిన్లలో ఫేజర్ మార్చాలంటే చైను కవరు విప్పాలి, సామానుతో పాటు కూలీ కూడా బరువే. మామూలు మోటారు పాలసీ అరుగుదలకూ, మెకానికల్ లోపాలకూ డబ్బివ్వదు. ఖర్చంతా మన జేబులోంచే.

ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ డిప్‌స్టిక్ తీసి చూశాడు. "ఆయిల్ మడ్డయిపోయింది సార్. ముందు ఇది మార్చి, వాల్వు తీసి కడుగుదాం. అప్పటికీ తగ్గకపోతే ఫేజర్ సంగతి చూద్దాం" అన్నాడు. చైను శబ్దం లేదు కాబట్టి నాకూ అదే సబబనిపించింది. ఆయిల్, ఫిల్టరు మార్చి, వాల్వు కడిగాక లైటు మళ్లీ వెలగలేదు. ఫేజర్‌కు పోవాల్సిన డబ్బు ఆర్డీలోనే ఉంది. రేపు ఫేజర్ నిజంగా పోయినా అప్పు చేయక్కర్లేదు.

రిపేరుకు ఎప్పుడూ తక్కువ ఖర్చు వైపు నుంచే రండి. పాత కారు కొనేటప్పుడు పెయింటు, టైర్లు చూసి మురిసిపోకండి. ఆయిల్ మార్చిన బిల్లులు చూడందే బయానా ఇవ్వకండి.