చూసి పట్టుకోవచ్చు కదా!

కిందటి జనవరిలో ఒక పొద్దున హైడెల్‌బర్గ్‌లో బిస్మార్క్‌ప్లాట్స్ దగ్గర ట్రామ్ దిగాను. మైనస్ ఏడు డిగ్రీలు. గ్లవ్స్ ఇంట్లో మర్చిపోయాను. బేకరీలో బ్రెడ్ తీసుకుని చిల్లర కోసం పర్సులో వేళ్ళు పెడితే, వేళ్ళకి ఏమీ తెలియడం లేదు. రోజూ అయితే పది సెంట్ల బిళ్ళనీ ఇరవై సెంట్ల బిళ్ళనీ చూడకుండానే వేరుచేస్తాను, అంచు తడిమితే చాలు. ఆరోజు చూస్తూ కూడా పట్టుకోలేకపోయాను. రెండు బిళ్ళలు కింద పడ్డాయి. వెనక వరసలో ఉన్న ఒక పెద్దావిడ వంగి తీసిచ్చి, "తొందరేం లేదు" అంది.

నేను ఆ మాట నాన్నతో అనలేదు.

నాన్నకి షుగర్ వచ్చి ఇరవై ఏళ్ళు. ముందు అరికాళ్ళు మొద్దుబారాయి, తర్వాత వేళ్ళ చివర్లు. ఆమధ్య ఇంటికి వెళ్ళినప్పుడు బంధువుల పెళ్ళిలో పేపర్ గ్లాసు ఆయన చేతిలో నలిగిపోయి, కాఫీ అంతా కొత్త చొక్కా మీద పడింది. నలుగురిలో నాకు చిన్నతనంగా అనిపించి, "చూసి పట్టుకోవచ్చు కదా నాన్నా!" అని విసుక్కున్నాను. ఆయనేమీ అనలేదు. చేతిరుమాలుతో తుడుచుకున్నారు, అంతే. ఆ పెళ్ళిలో మళ్ళీ ఏమీ తాగలేదు.

బేకరీలోంచి బయటికొచ్చాక ఆ గ్లాసే కళ్ళముందు ఉంది. ఆ వారమంతా దీని గురించే చదివాను.

మనం గ్లాసు పట్టుకున్నప్పుడు అది పిసరంత జారినా వేళ్ళ చర్మం కనిపెడుతుంది. సెకనులో పదో వంతు గడవకముందే పట్టు బిగుస్తుంది. జారిందన్న సంగతి మనకి తెలిసేది ఆ తర్వాతే. ఎంత బరువుకి, ఎంత నునుపుకి ఎంత బిగించాలో వేళ్ళే చెబుతుంటాయి. స్వీడన్‌లోని ఊమియో విశ్వవిద్యాలయంలో రోలాండ్ యోహాన్సన్ అనే ఆయన 1980ల నుంచీ దీన్ని కొలిచి చూపించారు. వేళ్ళకి మత్తిచ్చి అగ్గిపుల్ల గీయమంటే, కళ్ళు తెరిచే ఉన్నా, కండరాలు బాగానే ఉన్నా, పుల్ల తీయడానికే మనిషి నానా అవస్థా పడతాడు. స్పర్శ లేనివాళ్ళు ఏదైనా పట్టుకుంటే అవసరానికి మించి బిగిస్తారట, జారిపోతుందేమోనని.

నాన్న గ్లాసు జారి పడలేదు, నలిగింది. అజాగ్రత్త వల్ల కాదు, అతిజాగ్రత్త వల్ల.

రోజూ నేను తిరిగే ఈ ఊళ్ళోనే 1858 నుంచి 1871 దాకా హెల్మ్‌హోల్ట్స్ పాఠాలు చెప్పాడు. అంతకుముందు 1850లో, క్యోనిగ్స్‌బర్గ్‌లో, కప్ప నరంలో కబురు ఎంత వేగంగా వెళుతుందో కొలిచాడు. సెకనుకి సుమారు 27 మీటర్లు. అప్పటిదాకా దాన్ని కొలవడమే అసాధ్యం అనుకునేవారు. తర్వాత ఇంకో తమాషా చేశాడు. అన్నిటినీ పక్కకి జరిపి చూపించే పట్టకాల కళ్ళజోడు పెట్టుకుని, ఒక వస్తువును చూసి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే గురి తప్పింది. ఆ అద్దాల్లోంచే కాసేపు తన చేతిని చూసుకున్నాక గురి కుదిరింది. కళ్ళజోడు తీసేస్తే ఈసారి రెండో పక్కకి తప్పింది. అంటే మెదడు ముందు ఒక అంచనా వేసి చెయ్యి చాపుతుంది, తప్పు తెలిశాక ఆ అంచనాని దిద్దుకుంటుంది. దిద్దుకోవాలంటే తప్పు కబురు అందాలి, అదీ సమయానికి అందాలి.

నా టైపింగే చూడండి. ఎవరూ నేర్పలేదు, అయినా కీబోర్డు చూడను. ఎఫ్, జె మీటల మీద ఉన్న చిన్న బొడిపెలు తగిలితే చాలు, మిగతావి వేళ్ళు వెతుక్కుంటాయి. అదే ఆఫీసు కనెక్షన్ నెమ్మదించి, కొట్టిన అక్షరం తెరమీదికి ఆలస్యంగా వస్తుంటే, కళ్ళప్పగించి చూస్తున్నా తప్పులే. నాన్నకి రోజూ అంతే. వేళ్ళ కబురు అందదు, కంటి కబురు ఆలస్యంగా వస్తుంది.

ఆదివారం ఫోన్ చేసి, "ఆ పెళ్ళిలో గ్లాసు..." అని మొదలుపెట్టాను.

"చూస్తూనే ఉన్నానురా," అన్నారు. "చూసి వదులు చేసేలోపే నలిగిపోయింది."

నేను వారంరోజులు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. అడిగితే అప్పుడే చెప్పేవారు.

ఇప్పుడు ఆయన పిడి ఉన్న దళసరి కప్పులోనే తాగుతున్నారు. స్నానానికి నీళ్ళ వేడి అమ్మే చూస్తోంది, కాలినా ఆయన చేతికి తెలియదని. చొక్కా గుండీలకి మాత్రం ఇంకా పావుగంట పడుతుంది, ఎవరినీ పెట్టనివ్వరు. మొన్న వీడియో కాల్‌లో స్పూను జారిపడితే అమ్మ అలవాటుగా, "కాస్త చూసుకోవచ్చు కదండీ!" అంది.

"చూస్తూనే ఉన్నారమ్మా," అన్నాను.

నాన్న తలెత్తి ఒకసారి ఫోన్‌లోకి చూసి, మళ్ళీ స్పూను అందుకునే పనిలో పడ్డారు.