4831: ఒకే నంబరు, రెండు మందులు

మందు అనగానే మనవాళ్ళ చెవులు నిక్కబొడుచుకుంటాయి గానీ, ఇది ఆ మందు కాదు. తుపాకి మందు.

మా టీములో ఓ పెద్దాయన ఉన్నాడు, కొలరాడోలోనే పుట్టి పెరిగినవాడు. ఏటా ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఎల్క్ వేటకి కొండలెక్కేస్తాడు. ఎల్క్ అంటే దుప్పి జాతిలో బాగా పెద్ద జంతువు. తూటాలు ఇంట్లోనే చేసుకుంటాడు. ఇక్కడ అది చట్టం ఒప్పుకున్న హాబీయే, హ్యాండ్‌లోడింగ్ అంటారు. పేల్చేసిన ఇత్తడి కేసుని శుభ్రం చేసి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగించడం. తూకమంతా గ్రెయిన్లలో. పౌండుకి 7000 గ్రెయిన్లు. అదేంటో చూద్దామని ఓ శనివారం వాళ్ళింటికెళ్ళాను.

ఆయనది .30-06 రైఫిలు. ఇన్నాళ్ళూ చిన్న జింకల కోసం 150 గ్రెయిన్ల బుల్లెట్ వాడాడట, ఇప్పుడు ఎల్క్ కోసం 200కి మారుతున్నాడు. "బరువు పెరిగింది కాబట్టి మందు ఇంకాస్త పోస్తే సరి కదా?" అన్నాను. పెద్దాయన నవ్వాడు.

విషయమేమిటంటే, ఈ మందు బాంబులా పేలదు, మండుతుంది. చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. తేలిక బుల్లెట్ చటుక్కున కదిలి, వెనకాల గ్యాసుకి చోటిస్తుంది. బరువైనది బద్ధకంగా కదులుతుంది, ఈలోగా ఒత్తిడి ఎక్కడికో పోతుంది. ఈ తూటాకి పెట్టిన గరిష్ఠ హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్ఫై చిల్లర! అందుకే బరువైన బుల్లెట్‌కి నెమ్మదిగా మండే మందు కావాలి. అలాగని మరీ నెమ్మదైనదీ పనికిరాదు. పొడుగాటి బుల్లెట్ కేసులోకి దిగి కొంత చోటు తనే తినేస్తుంది, మిగిలిన చోట్లో పట్టే మందుతో వేగం రాదు.

ఆయన దగ్గర వాళ్ళ నాన్నగారి పాత నోటుబుక్కు ఉంది. అందులో 200 గ్రెయిన్ల బుల్లెట్‌కి 4831 అనే మందు, పక్కన తూకం రాసున్నాయి. బల్ల మీద డబ్బా చూశాను. 4831. "మ్యాచయింది, పోసెయ్యండి" అన్నాను ఉత్సాహంగా.

ఆయన డబ్బా నావైపు తిప్పాడు. దాని మీద ఐఎంఆర్ 4831 అని ఉంది. నోటుబుక్కులో నంబరు ముందు చిన్నగా హెచ్ అని ఉంది, నేనది చూడనేలేదు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక మందుని బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన కొని వేటగాళ్ళకి అమ్మాడు. హెచ్ 4831 అలా వచ్చింది. తర్వాత అదే నంబరుతో ఐఎంఆర్ వాళ్ళదీ వచ్చింది, కానీ అది ఇంకాస్త త్వరగా మండుతుంది. 2003లో ఐఎంఆర్‌ని హాడ్జ్‌డన్ కంపెనీయే కొనేసింది, అయినా నంబరు మారలేదు. ఒకదాని తూకం చూసి రెండోది పోస్తే ఒత్తిడి హద్దు దాటిపోవచ్చు.

నేను ఒకసారి టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలుదాని మీద స్క్రిప్టు నడిపాను. పేర్లలో ఒక్క అక్షరం తేడా. రాత్రంతా కూర్చుని బ్యాకప్ ఎక్కించాం, తిట్లు తిన్నాను, అయిపోయింది. ఇక్కడ బ్యాకప్ లేదు. పేలేది ఆయన చెంపకి జానెడు దూరంలో.

పైగా ఒత్తిడి ఎంతుందో ఇంట్లో కొలిచే సాధనం ఆయన దగ్గర లేదు. ప్రైమర్ చదునైపోవడం, బోల్టు బిగుసుకుపోవడం లాంటి గుర్తులు కనిపించేసరికి హద్దు దాటిపోయి ఉండొచ్చు. అందుకే ఆయన నోటుబుక్కు మూసేసి, బుల్లెట్ కంపెనీ వేసిన కొత్త మాన్యువల్ తెరిచాడు. అదే బుల్లెట్, అదే డబ్బా మీది పూర్తి పేరు వెతికి, అందులో ఇచ్చిన మొదటి తూకంతో మొదలుపెట్టాడు. అంతకన్నా తగ్గించడమూ క్షేమం కాదట. సాయంత్రానికి తయారైనవి పదిహేనంటే పదిహేను తూటాలు.

"మరి మీ నాన్నగారి లెక్క తప్పా?" అని అడిగాను. "తప్పు కాదు. అది ఆయన రైఫిలుకి, ఆయన డబ్బాకి" అన్నాడు.

సోమవారం ఆఫీసుకెళ్ళి, ఎవరికో పనిచేసిందని నేను ఎత్తుకొచ్చి పెట్టిన కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. అందులో నాలుగు నంబర్లు ఎందుకున్నాయో నాకే తెలీదు. మీ దగ్గరా అలాంటివి ఉండే ఉంటాయి. ఓసారి డబ్బా తిప్పి చూడండి.