అమ్మ ఇంటి కెమెరా

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు మీ ఇంట్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. టీసీ ఎప్పుడిస్తారో కనుక్కుంటారు. ఆ హడావుడిలో ఎవరో ఒకరు "మరి నాన్నమ్మో?" అంటారు. అంతటితో అందరూ కాసేపు మాట్లాడరు.

మా ఇంట్లోనూ అంతే. మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. ఒకరిది బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం, ఒకరిది రైల్వే. ఒకరికి అస్సాం పడితే ఇంకొకరికి రాజస్థాన్ పడుతుంది. అమ్మ మాత్రం కోనసీమలో, కొబ్బరిచెట్ల మధ్య పాత పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. ఎన్నిసార్లు పిలిచినా "ఈ గడప దాటి రాను" అంటుంది.

అందుకే ఒక వేసవి సెలవుల్లో వీధి అరుగు కనిపించేలా కెమెరా బిగించాము. సిమ్ వేసుకునే చిన్న వైఫై పెట్టె కొన్నాము. దానికి రోజుకు 2 జీబీ డేటా. అమ్మ ఫోనుకీ ఆ వైఫైయే ఆధారం.

ఇక మా సంబరం చూడాలి! పాలు పోయించుకోవడం, ముగ్గు వేయడం, మధ్యాహ్నం అరుగు మీద పిల్లి నిద్రపోవడం... అన్నీ చూసేవాళ్ళం. ఎడారి ఊళ్ళో కూర్చుని కొబ్బరాకు ఊగుతుంటే చూడటం ఎంత హాయో! వంట చేస్తున్నా గట్టు మీద ఫోను నిలబెట్టి ఉంచేవాళ్ళం. అటొకరు, ఇటొకరు.

వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం అమ్మ నూతి దగ్గర నాచు మీద జారి పడింది. నుయ్యి పెరట్లో ఉంది, కెమెరా చూసేది వీధివైపు. మెల్లగా పాక్కుంటూ లోపలికి వచ్చి ఫోను అందుకుంది. మా ఫొటో మీద నొక్కి వీడియో కాల్ చేయడమొక్కటే ఆమెకు వచ్చు. మళ్ళీ మళ్ళీ చేసింది. కలవలేదు. మా ఫోన్లలో మధ్యాహ్నం నుంచి బొమ్మ కదలకుండా ఉండిపోయింది. "నెట్ బాగాలేదు కాబోలు" అనుకున్నాము. దీపాల వేళకు పక్కింటి పిన్ని వచ్చి చూసి మాకు ఫోన్ చేసింది. అదృష్టం, ఎముక విరగలేదు. మడమ బెణికింది.

ఆ రాత్రి లెక్క వేశాము. మీరూ వేసి చూడండి. మా కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వీడియో పంపుతోంది. 8 బిట్లు ఒక బైటు. అంటే గంటకు 900 మెగాబైట్లు. ఇద్దరం రెండు ఫోన్లలో చూస్తే ఇంటి నుంచి రెండు ధారలు బయలుదేరాలి. గంటకు 1800 అన్నమాట. 2 జీబీ ఎంతసేపు నిలుస్తుంది? అమ్మ పిలుపుకు ఉండాల్సిన డేటాను మేమే తినేశాము.

మర్నాడే సెట్టింగులు మార్చాము. కెమెరాలో పెద్ద బొమ్మ ధార ఒకటి, చిన్న బొమ్మ ధార ఒకటి ఉంటాయి. దూరం నుంచి చూడటానికి చిన్నది చాలు. సెకనుకు 25 బొమ్మలను 10కి తగ్గించి, వేగాన్ని 256 కిలోబిట్లకు కట్టేశాము. గంటకు 115 మెగాబైట్లే! హెచ్.264 ఉన్నచోట హెచ్.265 ఎంచుకున్నాము. 2013లో వచ్చిన ఈ పద్ధతి అదే నాణ్యతను దాదాపు సగం డేటాతో పంపగలదు. రికార్డింగంతా కెమెరాలోని మెమరీ కార్డులోకే వెళ్ళేలా చేశాము. దానికి డేటా ఖర్చు కాదు.

ఇంకో చిత్రం ఉంది. వీడియోలో ప్రతి బొమ్మా పూర్తిగా రాదు. ఒక బొమ్మ పూర్తిగా పంపి, ఆ తర్వాత ఎక్కువగా మారిన భాగాలే పంపుతారు. మాకెంతో ఇష్టమైన ఆ కొబ్బరాకుల ఊగుడే డేటాను తాగేస్తోంది! పక్కింటి అబ్బాయి చేత కెమెరాను కాస్త కిందికి వంచించాము. ఎవరైనా గేటు తీస్తేనే కబురు వచ్చేలా, గేటు మేరకే గీత గీశాము. కబురు వస్తే ముందు ఒక్క ఫొటో చూస్తాము. అవసరమైతేనే వీడియో.

ఇదంతా ఫోనులో అమ్మకు చెప్పాము. విని నవ్వింది.

"పోనీలే పిల్లలూ, ఇన్నాళ్ళూ మీరు చూస్తున్నారని అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చోలేదు. అయినా నా మోకాలి నొప్పి ఆ కెమెరాకు కనబడుతుందటర్రా?"

మా దగ్గర జవాబు లేదు. ఇంటిని అన్నిసార్లు చూసిన మేము, ఆ నెలల్లో అమ్మతో మాట్లాడింది తక్కువే. చూశాము కదా, బాగానే ఉందిలే అనుకునేవాళ్ళం.

ఇప్పుడు ఉదయం రెండు నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు కెమెరా చూసి కట్టేస్తాము. రాత్రి ఎనిమిదింటికి అమ్మే పిలుస్తుంది. నెమ్మదిగా, తెగకుండా మాట్లాడుకుంటాము. మోకాలి సంగతి, పిల్లి ఈనిన సంగతి అన్నీ అప్పుడే తెలుస్తాయి.

మీ తాతయ్య, అమ్మమ్మల ఇంట్లో కెమెరా ఉంటే, ఈ ఆదివారం అమ్మానాన్నలతో కూర్చుని దాని సెట్టింగులు చూడండి. లెక్క వేయండి. మిగిలిన డేటాతో వాళ్ళకొక కాల్ చేయండి.