మాల్దీవులు వెళ్ళొచ్చిన పలక

సంక్రాంతి దులుపుడు మొదలుపెట్టానండీ. గదులైతే ఒక పూటలో అయిపోతాయి గానీ అటక దగ్గరికొచ్చేసరికి నాకు రెండు రోజులు పడుతుంది. ఏది తీసినా దాని వెనక ఒక కథ ఉంటుంది కదా, చేత్తో పట్టుకుని అలా కూర్చుండిపోతాను. ఈసారి మా చెల్లి పెద్ద సూట్‌కేసు దింపి తెరిస్తే, పాత తువ్వాల్లో చుట్టిన పలక కనబడింది.

మార్కాపురంలో పలక కనబడటం ఏం వింత అంటారేమో. మాది పలకల ఊరే. చుట్టుపక్కల గనుల్లో రాయి తవ్వి, పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి దేశమంతా పంపిన ఊరు. మా చిన్నప్పుడు ఏ వీధిలోకి వెళ్ళినా ఒంటినిండా బూడిదరంగు దుమ్ముతో పనినుంచి వచ్చేవాళ్ళే ఎదురయ్యేవాళ్ళు. ప్లాస్టిక్ పలకలు, నోటుబుక్కులు వచ్చాక చాలావరకు మూతబడ్డాయి. ఇప్పుడు ఆ రాయితో ఇళ్ళకు, గోడలకు టైల్స్ చేస్తున్నారు.

కానీ ఈ పలక అట్లాంటిట్లాంటిది కాదు. దీని చట్రం చుట్టూ నీలం పెన్నుతో ఏవో అక్షరాలు రాసి ఉంటాయి. తెలుగు కాదు, ఇంగ్లిషు కాదు. మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. మాల్దీవుల్లో ఒక దీవిలోని బడి పిల్లలు వాళ్ళ పేర్లు రాసిచ్చారు.

మా చెల్లి ఎం.ఏ. ఇంగ్లిషు, బీఈడీ. నేను బి.ఏ. తెలుగుతో ఆగిపోయాను, అది ముందుకెళ్ళింది. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేది, నెలకు 9,000. మా మరిది వాళ్ళకు బత్తాయి తోట ఉండేది. మా పశ్చిమ ప్రకాశం సంగతి తెలిసినవాళ్ళకు తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. వెలిగొండ నీళ్ళు ఇదిగో అదిగో అని మా చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. వానల్లేవు, బోర్లెండిపోయాయి. ఒకటి వేస్తే దుమ్ము వచ్చింది. ఇంకో వంద అడుగులు, ఇంకో బోరు అంటూ పోయారు. చివరికి చెట్లూ పోయాయి, అప్పూ మిగిలింది.

అప్పుడే ఎవరో చెప్పారు, మాల్దీవుల్లో ఇంగ్లిషు టీచర్లు కావాలట, జీతం ఇక్కడికి ఆరేడు రెట్లట అని. సముద్రంలో చల్లినట్టు సుమారు 1,200 చిన్న చిన్న దీవులున్న దేశం అది. జనం ఉండేవి దాదాపు 200. పిల్లలు ఇంట్లో ధివేహి మాట్లాడతారు, బడిలో పాఠాలు ఎక్కువగా ఇంగ్లిషులో. పెద్ద తరగతుల వాళ్ళు రాసేది కేంబ్రిడ్జి వాళ్ళ పరీక్షలు. చాలినంతమంది టీచర్లు లేక బయటినుంచి తెచ్చుకుంటారు, అందులో మన దేశం వాళ్ళు చాలామంది.

2017 జనవరిలో వెళ్ళింది. వాళ్ళకు అప్పట్లో చదువు జనవరిలో మొదలై నవంబరులో అయిపోయేది. డిసెంబరు సెలవులకు వస్తాను, ఏడాదే కదా అంది. ఆరేళ్ళ బుజ్జిగాణ్ణి నా దగ్గర వదిలింది. మా మరిది మిగిలిన ఆ కాస్త పొలం, హైదరాబాదులో దొరికిన పని, రెంటి మధ్యా తిరిగేవాడు.

ఏమాటకామాటే చెప్పాలి, అప్పట్లో నాకు దాని మీద కోపంగా ఉండేది. పిల్లవాణ్ణి వదిలి డబ్బుకోసం సముద్రం దాటింది అనుకునేదాన్ని. వాడు అన్నం తినకుండా గుమ్మంలో కూర్చున్న రోజున మరీ. పైగా వాడికి ఇంగ్లిషు పుస్తకం చూస్తే మంట. తెలుగు వాచకం పెడితే బుద్ధిగా చదివేవాడు, ఇంగ్లిషు తీస్తే కడుపునొప్పి. ఒకరోజు గట్టిగా అడిగితే, "అది చదివితే దూరం వెళ్ళిపోతారు పెద్దమ్మా" అన్నాడు. ఏం చెప్పను?

మొదటి ఆరునెలలు మా చెల్లి కూడా రోజులు లెక్కపెట్టిందట. ఆ మాట అదే చెప్పింది. గంట కొట్టగానే పుస్తకం మూసి గదికి వెళ్ళి, క్యాలెండర్లో తేదీ కొట్టేసేదట. ఒక గది, కూరగాయలు కూడా పడవలో రావాల్సిన దీవి, మనం పెట్టిచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి. జీతం అక్కడి రుఫియాల్లో వస్తే దాన్ని డాలర్లు చేసి ఇంటికి పంపడం ఇంకో తిప్పలు. మా చెల్లికి నచ్చింది ఒక్కటే, అక్కడ టాంకుల్లో పట్టిన వాననీళ్ళు తాగుతారట. "మనం ఫ్లోరైడుకు భయపడి క్యాన్లు కొనుక్కుంటాం, వీళ్ళు చుట్టూ ఉప్పునీళ్ళు పెట్టుకుని మంచినీళ్ళు తాగుతున్నారక్కా" అనేది.

అక్కడ మనవాళ్ళలో అన్ని రకాలూ ఉండేవాళ్ళట. "కాంట్రాక్టు మనుషులం, సిలబస్ పూర్తిచేశామా, సంతకం పెట్టామా, అంతే" అనేవాళ్ళు కొందరు. అన్యాయం అనిపిస్తుంది గానీ, మా చెల్లి వాళ్ళను తప్పుపట్టేది కాదు. ఒప్పందం ఏడాదికే. వచ్చే ఏడాది కొనసాగిస్తారో లేదో డిసెంబరు దగ్గరపడేదాకా తెలియదు. బడిలో ఏం మారాలో వీళ్ళను అడిగేవాళ్ళుండరు. మన యాస పిల్లలకు అర్థం కావడంలేదని తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు అన్నా చాలు, మనసు విరిగిపోతుంది. సాయంత్రం ఇంటికెళ్తే పలకరించే మనిషి లేడు. వాళ్ళలో చాలామంది మన ఊళ్ళల్లో మంచి టీచర్లేనట. "ఇక్కడ పనిలో బద్ధకం కాదక్కా, మనసు ఇంటిదగ్గర పెట్టి వచ్చారు" అంది.

మరి దానికేమైంది? ఏడో తరగతి పిల్ల ఒకతి, మొదటి రోజే లేచి అడిగిందట, "మీరు ఎప్పుడు వెళ్ళిపోతారు మిస్?" అని. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఇది తడుముకోకుండా "పదేళ్ళుంటాను" అని అబద్ధం చెప్పింది. ఆ పిల్ల నవ్వి, "అందరూ అట్లాగే చెప్తారు" అని కూర్చుందట. ఏటా ఒకళ్ళో ఇద్దరో టీచర్లు మారిపోవడం చూసిన పిల్లలు మరి. కొత్త మిస్‌ని ఇష్టపడి ఏం లాభం, నోరు విప్పి ఏం లాభం అనుకుంటారు కాబోలు. తరగతిలో ముప్పావు వంతు మంది మాట్లాడరు. తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడని భయం కూడా.

మొదటి డిసెంబరులో వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు, సూట్‌కేసులో చీరలు తీసేసి పాతిక పలకలు సర్దింది. మా మరిదికి తెలిసినవాళ్ళ దగ్గర చిన్నసైజువి కొన్నారు. పాతిక పలకల బరువెంతో ఎత్తినవాళ్ళకు తెలుస్తుంది! నేను పెట్టిన అరిసెల డబ్బా బయటికొచ్చింది, పలకలు లోపలికెళ్ళాయి. నాకు ఒళ్ళు మండింది.

వాటితో ఏం చేసిందంటే, ప్రశ్న అడగ్గానే ఎవరూ నోటితో చెప్పొద్దు, అందరూ పలక మీద రాసి ఒక్కసారి ఎత్తాలి. ఎవడు తప్పు రాశాడో పక్కవాడికి కనబడదు, మిస్‌కే కనబడుతుంది. తుడిచేస్తే తప్పు ఆనవాలే ఉండదు. నోటుబుక్కులో ఎర్రసిరా పడితే ఏడాదంతా ఉంటుంది కదా. మాట్లాడని పిల్లలు కూడా పలక ఎత్తారట. ఒకటో మాట, రెండో మాట, తర్వాత వాక్యం. వాళ్ళ తానా లిపి కుడినుంచి ఎడమకు రాస్తారు. చిన్న తరగతుల పిల్లలు కొందరు ఇంగ్లిషు కూడా కుడివైపునుంచి మొదలెట్టేవాళ్ళట. పలకకు ఎడమ పక్క చట్రం మీద ఒక చుక్క పెట్టి, ఇక్కడినుంచి అని చూపించేది. శుక్ర, శనివారాలు సెలవైతే, శనివారం పొద్దున ఒక గంట వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టుకునేది. దానికి జీతమేమీ లేదు.

2018 డిసెంబరులో వచ్చినప్పుడు ఆ సంగతులన్నీ మురిసిపోతూ చెబుతోంది. పక్కన బుజ్జిగాడు కూర్చుని వింటున్నాడు. వాడికి ఆ ఏడు ఇంగ్లిషులో మార్కులు బాగా తక్కువ. నేను ఇక ఆపుకోలేకపోయాను.

"ఏమే, ఎవరి పిల్లలకో సెలవు రోజు కూడా కూర్చుని చెబుతావు. నీ కొడుక్కి ఏబీసీడీలు, వచ్చీరాని ఇంగ్లిషుతో నేను చెప్పుకోవాలా? డబ్బుకోసం వెళ్ళినదానివి డబ్బు తెచ్చుకో, చాలు. అంత ప్రాణం పెట్టడమెందుకు?" అనేశాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. వాణ్ణి ఆడుకోమని బయటికి పంపి అప్పుడంది. "డబ్బుకోసమే వెళ్ళానక్కా. కాదని నేనెప్పుడన్నాను? కానీ వాణ్ణి వదిలేసి వెళ్ళి, అక్కడ కూడా ఊరికే కూర్చుని వస్తే, వాణ్ణి ఎందుకు వదిలినట్టు? అప్పు ఒక్కదానికేనా? వాడికి పెద్దయ్యాక ఏం చెప్పను?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టక ఏవేవో ఆలోచించాను. డిగ్రీలో మాకు సి.పి. బ్రౌన్ గురించి చెప్పేవాళ్ళు. ఆయన మాత్రం తెలుగును ఉద్ధరిద్దామని ఓడ ఎక్కాడా? కంపెనీ ఉద్యోగం. 1820లో కడపకు వచ్చాడు. మా కంభం, మార్కాపురం కూడా ఆ రోజుల్లో కడప జిల్లాలోనివే. ఉద్యోగానికి అవసరమై తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత వేమన పద్యాలు వెతికి అచ్చువేయించడం, నిఘంటువు కూర్చడం, పిల్లలకు ఉచితంగా బడులు పెట్టడం, ఇవన్నీ ఆ ఉద్యోగం అడగని పనులు. ఒంగోలుకు 1866లో వచ్చిన అమెరికా క్లౌ దొర అయితే మతం పని మీద వచ్చాడు. ఇప్పుడు జపాను ప్రభుత్వం 1987 నుంచి ఒక పథకం పెట్టి బయటి దేశాల పట్టభద్రుల్ని ఇంగ్లిషు తరగతులకు పిలిపించుకుంటోందట, దేశం చూద్దామని వెళ్ళేవాళ్ళు అందులో ఎందరో. ఒకళ్ళు నౌకరీకి, ఒకళ్ళు మతానికి, ఒకళ్ళు లోకం చూడటానికి, మా చెల్లి బోరు అప్పుకు. ఎందుకు వెళ్ళారన్నది మనం ఇంట్లో కూర్చుని తేల్చేస్తాం. బల్లల ముందు కూర్చున్న పిల్లలకు దాంతో పనిలేదు. ఆ పూట మిస్ వాళ్ళను చూసి చెబుతోందా, గడియారం చూసి చెబుతోందా, అదొక్కటే వాళ్ళకు తెలుస్తుంది.

అలాగని మా బుజ్జిగాడు పడ్డది ఉత్తది కాదు. అది కూడా రాయకపోతే తప్పవుతుంది. మూడేళ్ళు వాడు అమ్మను ఫోనులో చూసి పెరిగాడు. సిగ్నలు పోయి బొమ్మ ఆగిపోతే, ఆగిపోయిన ఆ మొహాన్నే చూస్తూ ఉండేవాడు. ఆ గొడవ తర్వాత మా చెల్లి ఒక పని చేసింది. వాడికీ ఒక పలక కొనిచ్చి వెళ్ళింది. వీడియోలో అది ఒక మాట చెబితే వీడు రాసి పలక ఎత్తాలి. వాళ్ళ బడి పిల్లలకు పెట్టే మాటలే. "ఇదే మాట ఇవాళ మా క్లాసులో నలుగురు తప్పు రాశారు, నువ్వు కరెక్టుగా రాశావు" అంటే వాడి మొహం చూడాలి. కడుపునొప్పులు మెల్లగా తగ్గాయి. నేను కూడా వాడి వెనక కూర్చుని కొన్ని స్పెల్లింగులు దిద్దుకున్నాను లెండి.

2019 డిసెంబరులో ఇక చాలనుకుని వచ్చేసింది. అప్పు మొత్తం తీరలేదు, వడ్డీ భయం లేనంతవరకు తీరింది. వచ్చేటప్పుడు ఇరవైనాలుగు పలకలు బడికే వదిలేసి, పిల్లలు పేర్లు రాసిన ఒక్కటి తెచ్చుకుంది. పదేళ్ళుంటానన్న అబద్ధం గురించి ఆ పిల్లకు చివరిరోజు క్షమించమని చెప్పిందట. ఆ పిల్ల "ఫర్వాలేదు మిస్, మూడేళ్ళున్నారు కదా" అందట. అది చెబుతూ మా చెల్లి ఏడ్చింది.

ఇంటికొచ్చిన రోజు రాత్రి అన్నాలు తింటుంటే బుజ్జిగాడు తలెత్తకుండానే అడిగాడు, "మళ్ళీ ఎప్పుడు వెళ్తావు?"

"వెళ్ళను రా" అంది.

వాడు నమ్మలేదు. రోజూ బడినుంచి రాగానే ముందు ఆ సూట్‌కేసు ఎక్కడుందో చూసుకునేవాడు. సంక్రాంతి పోయింది, జనవరి అయిపోయింది. ఒక ఆదివారం మా ఆయన నిచ్చెన వేసి దాన్ని మా అటక మీదికి ఎక్కించారు. వాడు కింద నిలబడి పట్టుకుని అందించాడు. ఆ రోజునుంచి అడగడం మానేశాడు.

ఇప్పుడు మా చెల్లి మళ్ళీ ఇక్కడే ఒక స్కూల్లో చెబుతోంది. జీతం కాస్త పెరిగింది గానీ అక్కడితో పోలికే లేదు. శనివారం సాయంత్రం నాలుగు వీధుల పిల్లలు వాళ్ళ వరండాలో పలకలు పట్టుకుని కూర్చుంటారు. బుజ్జిగాడు హైస్కూలుకొచ్చాడు, చిన్నపిల్లల పలకలు వాడే సరిచూస్తాడు. "ఎందుకే అంత కష్టం?" అని నేనిప్పుడు అడగను.

పలక తడిగుడ్డతో తుడిచి మళ్ళీ తువ్వాల్లో చుట్టి పెట్టానండీ. చట్రం జోలికి మాత్రం పోలేదు, ఆ పేర్లు ఇప్పటికే సగం వెలిసిపోయాయి.