కుదుపు లేని ప్రయాణము

బండిని కదలించుట వేరు. బండిని నడుపుట వేరు. మొదటిది కొద్ది దినములలో ఎవరికైనను పట్టుబడును. రెండవది వచ్చినదో లేదో చెప్పవలసినవాడు నడుపువాడు కాడు, ప్రక్కన కూర్చున్నవాడు. ఈ భేదమును తెలిసికొనుటకు ఒక తెలుగు యువకునకు అమెరికాలో ఒక వేసవి యంతయు పట్టినది.

ఆ యువకుడు ఒహాయో రాష్ట్రమున కొలంబస్ నగరపు శివారులో నివసించుచు ఉద్యోగము చేయుచుండెను. వేగముగా పోవు చిన్నకార్లపై అతనికి బాల్యము నుండియు మక్కువ. జీతములో కొంత కూడబెట్టి, ఒకరు వాడి విడిచిన మాజ్డా ఎమ్.ఎక్స్.-5 అను కారును కొనెను. 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనమున తొలిసారి లోకమునకు కనబడిన కారిది. అమెరికాలో దీనిని మియాటా అందురు. ఇందులో ఇద్దరు మాత్రమే కూర్చుండగలరు. పైకప్పును వెనుకకు మడచివేయవచ్చును. బరువు ఇంచుమించు ఒక టన్ను. 2016 నాటికి ఇట్టి కార్లు పది లక్షలు తయారైనవి. గుఱ్ఱమును రౌతును ఒక్కటైనట్లు కారును నడుపువాడును ఒక్కటి కావలెనని దానిని నిర్మించిన జపాను వారి కోరిక. ఆ భావమును తెలుపు 'జిన్బా ఇత్తాయి' అను తమ మాటను వారు ఆదర్శముగా పెట్టుకొనిరి.

నేడు అమెరికాలో అమ్ముడగు కార్లలో గేర్లు తమంత తామే మారునవే మిక్కిలి ఎక్కువ. ఆ యువకుని కారు అట్టిది కాదు. ఎడమకాలితో క్లచ్ త్రొక్కి, కుడిచేతితో గేరు మార్చవలెను. అతడు ఒక మిత్రుని సాయముతో వారము దినములు తంటాలు పడి కారును వీధిలోనికి తెచ్చెను. అది కదలుచున్నది, ఆగుచున్నది; కనుక తనకు నడుపుట వచ్చినదని తలచెను.

ఆ వేసవిలో అతని అమ్మమ్మయు తాతయ్యయు మార్కాపురము నుండి వచ్చిరి. తాతయ్య ఆర్.టి.సి.లో ముప్పది యేండ్లకు పైగా బస్సు నడిపి విశ్రాంతి పొందినవాడు. వారిని విమానాశ్రయము నుండి తెచ్చుటకు మిత్రుని బండి అడుగవలసివచ్చెను. వాకిట నున్న ఎఱ్ఱని చిన్నకారును చూచి తాతయ్య నవ్వుచు, "మా బస్సులో సామాను పెట్టుకొను చోటు ఇంతకంటె పెద్దది" అనెను.

వచ్చిన పదవనాడు అమ్మమ్మ మెట్లపై కాలుజారి పడెను. కుడిచేతి మణికట్టు ఎముక చిట్లెను. వైద్యులు కట్టు కట్టి, వారమున కొకసారి వచ్చి చూపవలెనని చెప్పిరి. ఆస్పత్రి ఆరు మైళ్ల దూరము. దారిలో కూడలి కూడలికిని బండి ఆపవలెను. మొదటి వారము మనుమడే ఆమెను తన కారులో తీసికొనిపోయెను. ఆగినచోట నెల్ల ముందుకు ఒక తూలు. కదలినచోట నెల్ల వెనుకకు ఒక తూలు. గేరు మార్చిన ప్రతిసారి ఒక కుదుపు. అమ్మమ్మ ఒక్కమాటయు అనలేదు. ఎడమచేతితో కట్టుచేతిని ఒడిసి పట్టుకొని, పెదవి బిగించి కూర్చుండెను. ఇల్లు చేరి తలుపు తెరచునపుడు ఆమె కన్నులు చెమర్చియుండుట మనుమడు చూచెను.

మరుసటి వారము ఆమె మెల్లగా, "నాయనా, ఈమారు అద్దెబండి పిలువరాదా? నీ పని చెడుట ఎందుకు?" అనెను. అది సాకు అని అతనికి తెలియును. ఇంట కారుండగా వాకిట అద్దెబండి నిలిచెను. ముసలివారిద్దరును అందులో ఎక్కి పోవుచుండగా యువకుడు కిటికీ కడ నిలిచి చూచెను. కారు కొన్ననాడు కలిగిన గర్వమంతయు ఆ నిమిషమున కరగిపోయెను.

ఆదివారము తెల్లవారుచుండగనే తాతయ్య అతనిని లేపెను. "లెమ్ము, నీ కారెక్కుదము. జనము లేని చోటేదైన చూపుము" అనుచు, పాత అలవాటు చొప్పున కుడివైపు తలుపు తెరచెను. అచట స్టీరింగు లేదు. ఆ దేశమున అది ఎడమవైపున నుండును గదా! "మంచిదే, నేను కూర్చుండవలసిన చోటు ఇదియే" అని ఆయన కూర్చుండెను.

దగ్గరి బజారు ముందు కార్లు నిలుపు మైదానము ఆ వేళ ఖాళీగా నుండెను. "కుడికాలు నేలపై నుంచుము. నేటికి ఆక్సిలరేటరు లేదనుకొనుము. ఎడమకాలితోనే కారును కదలింపుము" అని తాతయ్య చెప్పెను.

ఆ మాటలో గొప్ప కిటుకు కలదు. నిలిచియున్న కారులో ఇంజను తిరుగుచుండును, చక్రములు తిరుగవు. తిరుగుదానిని తిరుగనిదానితో ఒక్కపెట్టున కలిపినచో కారు ఎగిరిపడును, లేదా ఇంజను ఆగిపోవును. ఆ రెంటిని మెల్లగా కలుపుటకే క్లచ్ ఏర్పడినది. అందులో నొక రాపిడి పలక స్ప్రింగు బలముచే ఇంజను చక్రమునకు అదుముకొని యుండును. పెడలు త్రొక్కినచో పలక విడివడును, వదలినచో కలియును. ఈ రెంటికి నడుమ, పలక జారుచునే పట్టుకొను చోటొకటి కలదు. దానిని కన్ను చూడలేదు, కాలే కనుగొనవలెను.

ఇంజను మొదట పదిసార్లు ఆగిపోయెను. పిమ్మట కారు చీమవలె కదలెను. తాతయ్య వెంటనే, "ఇదిగో, ఇచట పట్టినది! పట్టినచోట కాలిని క్షణమాత్రము ఆపుము. నీవు ఆపక వదలుచున్నావు. ఆ తొందరయే మీ అమ్మమ్మ చేతికి తగిలినది" అనెను. యువకుడు తల వంచుకొనెను. తరువాత భయముచే కాలిని అచటనే మరీ ఎక్కువసేపు నిలుపగా, పలక వేడెక్కి కమురు వాసన వచ్చెను. "తొందరయు తప్పే, నాన్చుటయు తప్పే. పట్టు దొరకిన పిదప వదలివేయవలెను" అని తాతయ్య నవ్వెను.

రెండవ ఆదివారము గేర్ల పాఠము. పై గేరునకు పోవుట సులభముగనే వచ్చెను. క్రింది గేరునకు దిగునపుడే కారు వెనుకనుండి ఎవరో లాగినట్లు కుదియుచుండెను. దానికి కారణము లెక్కలో నున్నది. ఆ కారు మూడవ గేరులో పోవుచు ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అదే వేగమున రెండవ గేరు వేసినచో ఇంజను ఇంచుమించు 2,800 చుట్లు తిరుగవలెను. ఆ 800 చుట్ల లోటును నడుపువాడు ముందుగా తీర్చనిచో, కారే తన పరుగును తగ్గించుకొని తీర్చవలెను. కుదుపనగా అదియే. కనుక క్లచ్ త్రొక్కియున్న కొద్దిపాటి వ్యవధిలో ఆక్సిలరేటరును ఒక్కసారి తాకి, ఇంజను వేగమును పెంచి, అప్పుడు క్లచ్ వదలవలెను.

"నీకిది మర్యాద, మాకు విధి" అని తాతయ్య తన తొలిదినములను చెప్పెను. గేరు పళ్ల వేగములను తానే సరిపుచ్చు సింక్రోమెష్ అను ఏర్పాటు 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలోనే మొదట వచ్చినది. కాని తాతయ్య మొదట నడిపిన బస్సునకు అది లేదు. క్లచ్ త్రొక్కి న్యూట్రలునకు తెచ్చి, వదలి, ఇంజను వేగము పెంచి, మరల త్రొక్కి గేరు వేయవలెను. డ్రైవర్లు దానిని డబుల్ క్లచ్ అందురు. వేగము సరిపడనిచో గేరు పళ్లు పటపట కొరకుకొని, బస్సులోని వారందరును డ్రైవరు వైపు చూతురు. ఆయనకు పని నేర్పిన పెద్ద డ్రైవరు ఇంజను మూతపై నిండు చెంబు నీళ్లు పెట్టించి బస్సు నడుపుమనెడివాడు. తొలినాడు ఊరు దాటకమునుపే నీళ్లన్నియు ఆయన ఖాకీ దుస్తులపై పడినవి.

"ఒకరాత్రి శ్రీశైలము నుండి దోర్నాలకు ఘాటు దిగుచున్నాను. నొప్పులు పడుచున్న ఇల్లాలొకతె బస్సులో నున్నది. ఆమె భర్త త్వరగా పొమ్మని ఏడ్చుచున్నాడు. ఆమె తల్లి మెల్లగా పొమ్మని ఏడ్చుచున్నది. ఇద్దరి మాటయు నిజమే. వేగము తగ్గరాదు, కుదుపు తగులరాదు. ఆ చెంబు నీళ్లు ఎందుకో ఆ రాత్రి నాకు తెలిసినది" అని ఆయన ఊరకుండెను. కొంతసేపటికి యువకుడు, "తరువాత ఏమైనది తాతయ్యా?" అని అడిగెను. "ఆస్పత్రి చేరిన పిదప ఆడపిల్ల పుట్టినది. గేరు వేయుము" అనెను తాతయ్య.

నాటి నుండి ప్రతి సాయంకాలమును సాధన జరిగెను. తాతయ్య అరచేతిలో నీళ్ల గ్లాసు పెట్టుకొని ప్రక్కన కూర్చుండును. మొదట పంచె తడిసెడిది. రానురాను గ్లాసు అంచు మాత్రమే తడిసెడిది. ఆగుటలోని మెలకువ చివర వచ్చినది: కారు పూర్తిగ నిలుచుటకు ఒక్క క్షణము ముందు బ్రేకుపై కాలిని కొంచెము సడలించినచో ఆ తుది తూలు ఉండదు. అయినను తాతయ్య ఒకమాట గట్టిగా చెప్పెను: "ముందు ఎవరైన అడ్డము వచ్చినచో గట్టిగా త్రొక్కుము. నీళ్లు పోయిన పోనిమ్ము. నునుపుకంటె ప్రాణము ముఖ్యము."

ఐదవ వారము వచ్చెను. కట్టు ఇంకను విప్పలేదు. అద్దెబండి పిలుచుటకు అమ్మమ్మ చెప్పబోవుచుండగా, యువకుడు కారు తాళపుచెవి చేత పట్టుకొని ఎదుట నిలిచెను. నోట మాట రాలేదు. ఆమె తాతయ్య వైపు చూచెను. "నేను చెప్పను. చేయి నీది" అని ఆయన పత్రిక చదువుకొనసాగెను. అమ్మమ్మ ఒక నిమిషము ఆలోచించి, చెప్పులు తొడుగుకొనెను. కారులో ఇద్దరికే చోటు గనుక తాతయ్య ఇంటనే యుండెను.

మహాభారతమున నలుడు బాహుకుడను మారుపేరుతో ఋతుపర్ణుని రథమును విదర్భకు తోలుకొని వచ్చును. రూపము మారినను, ఆ రథధ్వని విని దమయంతి అది నలుని సారథ్యమేనని అనుమానించును. నలునకు అశ్వహృదయమను విద్య తెలియును. అనగా గుఱ్ఱముల మనస్సు తెలియును. ఇనుముతో చేసిన ఇంజనునకు మనస్సు లేదు. కాని దాని పరుగునకు ఒక లయ కలదు. ఆ లయను వినక ఆజ్ఞాపించువానికి అది మొరాయించును; విని అనుసరించువానికి అది అణగియుండును.

రెండు గంటలు గడచిన పిదప తాతయ్య వాకిటికి వచ్చి నిలుచుండెను. కారు ఇంకను కంటబడలేదు. వీధి మలుపు కడ ఇంజను ధ్వని వినవచ్చెను. మూడవ గేరులో వచ్చుచున్నది. ఆయన చెవి యొగ్గెను. ధ్వని ఒక్క క్షణము పైకి లేచి, రెండవ గేరులో కలిసిపోయెను. నడుమ ఎక్కడను అతుకు లేదు. కారు మలుపు తిరిగి కనబడకమునుపే ఆయన లోనికి పోయి, కాఫీకి నీళ్లు పెట్టెను.

అమ్మమ్మ లోపలికి వచ్చి కూర్చుండెను. ప్రయాణమును గూర్చి ఆమె ఏమియు చెప్పలేదు, ఎవరును అడుగలేదు. కాఫీ త్రాగిన పిదప మనుమని పిలిచి, "రేపు కూరగాయలకు పోవునపుడు చెప్పుము, నేనును వత్తును" అని మాత్రము అనెను.